ఎర్రదొడ్డిలో వరన్నం పెట్టిన రోజు

మార్చి 2

పొద్దున ఆరింటికి తిరగడం మొదలుపెట్టాను. రోజుకు పదిహేను ఇళ్లు చూస్తే మూడు రోజుల్లో ఊరు ఒక చుట్టు పూర్తవుతుంది. మనిషిని కుడిపక్కకు పడుకోబెట్టి, ఎడమ డొక్క మీద స్టెతస్కోపు పెట్టి, రెండు నిమిషాలు వినాలి. గడ్డి అరగడానికి కడుపులో వేసిన సంచి బాగుంటే దూరంగా బండి దొర్లినట్టు చప్పుడు వస్తుంది. ఆగుతుంది. మళ్లీ వస్తుంది. మూడుసార్లు దొర్లితే పుస్తకంలో టిక్కు పెట్టి లేస్తాను. ఒకసారే దొర్లితే ఏం మేశావని అడుగుతాను. "మేశావు" అనకూడదని పోయినేడు పెద్దాఫీసు ఉత్తర్వు పంపింది. "ఏం తీసుకున్నారు" అనాలట. అలా అడిగితే ఎవరూ జవాబు చెప్పరు.

ఇవాళ అందరి సంచులూ బాగున్నాయి. తిప్పన్న తాతకు మాత్రం త్రేన్పు రావడం లేదు. వీపు నిమిరి, కొంచెం నూనె తాగించాను. పదిన్నరకు త్రేన్చాడు. ఆయన కోడలు నాకు దండం పెట్టింది.

చివరి ఇల్లు మా చెల్లెలు మారెక్కది. ఊరందరికీ కసువు, అంటే మేతగడ్డి, కోసుకొచ్చేది ఆమె మొగుడు ఓబులేసే. అప్పుడే గుట్ట మీదినుంచి మోపు దించుతున్నాడు. ఈ ఊళ్లో అతని సంచంత గట్టిది ఇంకోటి లేదు. డొక్క మీద చెయ్యి పెట్టినా తెలుస్తుంది.

"బోద కసువు రెండోసారి నెమరుకొస్తే తియ్యగుంటాది వదినా. నీకా రుచి తెల్దు, పాపం" అన్నాడు.

పదేళ్లుగా అతను నా మీద జాలి పడుతూనే ఉన్నాడు.

కేంద్రానికి తిరిగి వచ్చేసరికి పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చి ఉంది. సంచి పథకానికి పదేళ్లు నిండాయి. మార్చి ఇరవై ఎనిమిదిన ఎర్రదొడ్డిలో పండగ చేస్తారు. పెద్దలు వస్తారు, సినిమా తీస్తారు. ఊరందరికీ వరన్నం, పప్పు, నెయ్యి వడ్డిస్తారు.

రెండుసార్లు చదివాను. పొరపాటున రాశారనుకున్నాను.

మార్చి 4

డాక్టర్ విద్యాధర్‌గారికి నిన్న ఉత్తరం పంపాను. ఇవాళ ఫోన్ చేశారు. ఆయన మా జిల్లా సంచి కేంద్రాలన్నింటికీ పై అధికారి. చెడ్డవాడు కాదు. మాట్లాడుతున్నంతసేపూ దగ్గుతూనే ఉన్నారు.

ఉత్తరంలో రాసిందే మళ్లీ చెప్పాను. ఈ ఉద్యోగానికి రాకముందు నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుని. వానలు పోయి, పశువులు పోయి, ఆసుపత్రి మూతపడ్డాకే ఇటు వచ్చాను. ఆ రోజుల్లో పెళ్లింటి వెనక పారబోసిన అన్నం మెక్కిన ఎనుములు వచ్చేవి. పొద్దున తింటే మర్నాటికి పడిపోయేవి. డొక్క ఉబ్బి, కళ్లు లోపలికి పోయి, పళ్లు కొరుకుతూ చచ్చేవి. పదింటిలో నాలుగు బతికితే గొప్ప.

"నా కడుపు మొదటినుంచీ పుల్లనిది సార్, అందులో ఎవరూ కాపురముండరు. నేను తిన్న అన్నం కరిగి కిందికి పోతుంది. వీళ్ల సంచిలో కోట్ల పురుగులు కాపురముంటాయి. అవి ఒక కసువు పోచను అరిగించడానికి ఒకటిన్నర రోజు తీసుకుంటాయి. వాటి మీద అన్నం పోస్తే గంటలో అంతా పులిసిపోతుంది. ఆ పులుపుకు కసువు పురుగులు చస్తాయి, సంచి ఆగుతుంది, ఒంట్లో నీళ్లన్నీ సంచిలోకి లాగేసుకుంటుంది."

"రెండు ముద్దలు తింటే ఏం కాదు కదమ్మా?"

"రెండు ముద్దలకు కాదు సార్. కానీ పదేళ్ల తర్వాత ఆకులో అన్నం పెట్టి రెండు ముద్దలకు లేవమంటే ఎవరు లేస్తారు?"

ఉత్తరం చివర రాసిన ఇంకో దారి కూడా చెప్పాను. ఇవాళ్టినుంచే మనిషికి ఒక చెంచా అన్నం పెట్టి, రోజూ కొంచెం పెంచుకుంటూ పోతే, పులుపును తినే పురుగులు సంచిలో పెరుగుతాయి. పశువులకు దాణా అలాగే అలవాటు చేసేవాళ్లం. మూడు వారాలు చాలు.

"బియ్యం ఆ రోజే వస్తాయి" అన్నారు. "మీరు దగ్గరుండి చూసుకోండి. మీ ఉత్తరం పైకి పంపుతాను."

మార్చి 6

మధ్యాహ్నం రెండింటికి ఊరంతా బడి వరండాలో నెమరుకు కూర్చుంటారు. సాయంత్రం దాకా దవడలు ఆడుతూనే ఉంటాయి. మాటలూ, తగువులూ, సంబంధాలూ అన్నీ అక్కడే. ఆ రెండు మూడు గంటలు నేను ఒక్కదాన్నే నోరు ఊరికే పెట్టుకుని కూర్చుంటాను.

అన్నం సంగతి చెప్పాను. పిడికెడుకు మించి తింటే ప్రాణం మీదికి వస్తుందని చెప్పాను. దవడలు ఆగాయి. అంతమంది ఒక్కసారి నెమరు ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

తిప్పన్న తాత అడిగాడు. "వరన్నం తింటే సస్తారంటావా మే వన్నూరమ్మా?"

"మీరు తింటే. సంచి ఉన్నోళ్లు తింటే."

"నువ్వు తింటాండావు కదా."

నేను మారెక్క వైపు చూశాను. ఆమె తల తిప్పుకుని, "అందురికీ తెల్సులే అక్కా. నువ్వు తలుపేసుకుని వండుకుంటావు. ఆ వాసన పదేండ్లుగా వస్తానే ఉండాది. మేమెవురూ అడగల్యా" అంది.

ఎవరూ కోపంగా లేరు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఉద్యోగులకు సంచి అక్కర్లేదని మొదట్లోనే చెప్పారు. నెలకు పదిహేను కిలోల బియ్యం ఇస్తామన్నారు. నేను ఇల్లిల్లూ తిరిగి సంచి వేయించుకోమని చెప్పాను. ఊరు నమ్మాలని మొట్టమొదట మా చెల్లెలినీ, మరిదినీ ఆపరేషను బల్ల ఎక్కించాను. కసువు తప్ప ఏమీ మొలవని ఆ రోజుల్లో అది వాళ్ల ప్రాణం నిలబెట్టిన మాట నిజమే. ఆ రాత్రి నేను తలుపు వేసుకుని అన్నం తిన్న మాట కూడా నిజమే.

మారెక్క పక్కన రోజూ కూర్చునే సుంకమ్మ అంది: "ఒక్క దినం మేం తింటే నీకొచ్చే నష్టమేంది?"

ఇంకేం చెప్పినా వినరని అర్థమైంది. పిల్లలు మాత్రం అన్నం ఎలా ఉంటుందని అడిగారు. ఆ పిల్లలకు తల్లిపాలు మానగానే సంచి వేశారు. మల్లెమొగ్గల్లా తెల్లగా ఉంటుందని ఎవరో చెప్పారు. అందరూ నవ్వారు, నాకు నవ్వు రాలేదు.

మార్చి 8

నా దగ్గర పన్నెండు కిలోలున్నాయి. ఊరందరికీ చెంచా చొప్పున మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే నాలుగు రోజులకు అయిపోతాయి. మధ్యలో ఆపితే మొదలుపెట్టి లాభం లేదు.

ముగ్గురికో నలుగురికో అయితే సరిపోతాయి.

పొద్దున్నే ఒక గిన్నెలో మెత్తగా వండి, మూతపెట్టి, పైన మందుల గుడ్డ కప్పుకుని మారెక్క ఇంటికి వెళ్లాను. తలుపు వేయమన్నాను. సంగతి చెప్పాను. మారెక్క వెంటనే అడిగింది. "సుంకమ్మోళ్లకు?"

"లేదు."

"తిప్పన్న తాతకు?"

"లేదు మారీ. ఉన్నంతలో నీకూ, ఓబులేసుకూ. ఎవురికీ చెప్పొద్దు."

ఓబులేసు చెంచా అందుకున్నాడు. నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నమల్లేదు, మింగలేదు. గడ్డం మీదికి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

"మాయమ్మ చెయ్యి వాసనొస్తాండాది వదినా" అన్నాడు చివరికి.

మారెక్క గోడవైపు తిరిగి తన చెంచా తింది.

మార్చి 15

ఇద్దరూ చిన్న పిడికెడు దాకా వచ్చారు. రోజూ గొట్టం వేసి సంచిలోని రసం కొంచెం తీసి, పులుపు తెలియడానికి రంగు కాగితం ముంచుతున్నాను. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ; మామూలుగా ఆరున్నర ఉండాలి, ఆరు ఉంది. ఐదున్నరకు దిగితే భయపడాలి. దిగలేదు. సంచి దొర్లుతూనే ఉంది. పురుగులు నేర్చుకుంటున్నాయి.

పొద్దున నేను వెళ్లేసరికి ఓబులేసు గుట్టకు పోకుండా వాకిట్లో కూర్చుని ఉంటున్నాడు. పదేళ్లలో ఏనాడూ అలా లేడు. నిన్న గిన్నె అడుగున అంటుకున్నది వేలితో తీసి నాకాడు. బోద కసువు ఇప్పుడు చేదుగా ఉందట.

మారెక్క నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. వరండాలో సుంకమ్మ పక్కన కూర్చోవడం మానేసింది.

మార్చి 19

లారీ వచ్చింది. పండగకు బియ్యం చాలలేదట. జిల్లాలోని కేంద్రాలన్నింటి నుంచీ ఉద్యోగుల బియ్యం వెనక్కి తీసుకుంటున్నారు. ఉన్నదంతా తూచి పట్టుకెళ్లారు. డ్రైవరు ఏదో రాసుకున్నాడు. పండగయ్యేదాకా నాకు అటుకులు ఇచ్చారు.

మారెక్క ఇంటికి ఖాళీ చేతులతో వెళ్లాను. నేర్చుకున్న పురుగులు తిండి లేకపోతే వారంలో చచ్చిపోతాయనీ, పండగనాటికి సంచి మళ్లీ మొదటి స్థితికి వస్తుందనీ, తొమ్మిది రోజుల తర్వాత ఇద్దరూ అందరిలాగే పిడికెడు తిని లేవాలనీ చెప్పాను. ఓబులేసు తలూపాడు.

"ఈ పొద్దు ఏమీ ల్యాదా?" అని అడిగాడు.

మార్చి 28

సాయంత్రం ఐదు. అతిథుల బండ్లు ఇప్పుడే వెళ్లిపోయాయి.

పదకొండింటికి బడి ముందు పందిరి కింద ఆకులు వేశారు. డాక్టర్‌గారు కూడా వచ్చారు. మనిషికి పిడికెడేనని వడ్డించేవాళ్లకు చెప్పమన్నాను. చెప్పారు. కెమెరా పట్టుకున్నతను ఆకులో అంత తక్కువ అన్నం ఉంటే కనిపించదన్నాడు. తర్వాత గరిటెలు మారాయి.

నేను పంక్తి పొడుగునా తిరుగుతూ, "చాలు, ఇంక లేవండి, చాలు" అంటూ పోయాను. కొంతమంది నా ముందు ఆగి, నేను దాటగానే మళ్లీ మొదలుపెట్టారు. పెద్దవాళ్లు ఎవరూ మాట్లాడుకోలేదు. తిప్పన్న తాత అన్నాన్ని ముద్ద చేసి కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. లింగప్ప, అంటే సుంకమ్మ మొగుడు, నెయ్యి అడిగాడు. కెమెరా అతను చాలా సంతోషించాడు.

పిల్లలు ఉమ్మేశారు. నోట్లో పెట్టుకుని, జిగటగా ఉందని, పురుగుల్లా ఉన్నాయని ఆకు పక్కన ఉమ్మారు. పెద్దవాళ్లు నవ్వి వాళ్ల ఆకుల్లోది కూడా తమ ఆకుల్లోకి దులుపుకున్నారు. ఇరవై ముగ్గురు పిల్లలు, ఒక్కరూ మింగలేదు. మారెక్క నీళ్లు పోస్తూ తిరిగింది. చివరికి కూర్చుని పిడికెడు తిని లేచింది.

ఓబులేసు మూడోసారి వడ్డించమని ఆకు ముందుకు జరిపాడు. నేను వెళ్లి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఓబులేసూ, లెయ్."

అతను నవ్వి, నాకొక్కదానికే వినపడేట్టు అన్నాడు. "నాకు అలవాటయింది కదా వదినా."

ఆ అలవాటు పోయిందని, పోయి రెండు మూడు రోజులయిందని అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. అటుపక్క సుంకమ్మ, ఇటుపక్క తిప్పన్న తాత కోడలు ఉన్నారు. ఏం అలవాటని అడుగుతారు. నేను చెయ్యి తీసేశాను.

ఇప్పుడు ఊరు నిశ్శబ్దంగా ఉంది. వరండాలో ఒక్కరి దవడా ఆడటం లేదు.

మార్చి 31

రెండు రోజులు రాయలేదు. వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

ఇరవై తొమ్మిది తెల్లారేసరికి బడి వరండా నిండిపోయింది. డొక్క మీద స్టెతస్కోపు పెడితే లోపల ఏ చప్పుడూ లేదు. వేలితో తడితే కుండలో నీళ్లు కదిలినట్టుంది. రంగు కాగితం నాలుగున్నర చూపించింది. డాక్టర్‌గారికి ఫోన్ చేశాను. అంబులెన్సులు ఇంకో పండగ బందోబస్తుకు పక్క జిల్లాకు వెళ్లాయన్నారు. పంపిస్తామన్నారు. అవి ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం వచ్చాయి.

నా దగ్గర రెండు గొట్టాలు, ఒక బస్తా సోడా ఉప్పు ఉన్నాయి. చెయ్యాల్సిన పని ఒకటే. గొట్టం వేసి సంచిలో ఉన్నదంతా బయటికి తియ్యాలి. కడగాలి. సోడా పొయ్యాలి. తర్వాత ఆరోగ్యంగా ఉన్న సంచిలోంచి రసం తీసి ఇందులో పొయ్యాలి. పురుగులు లేకపోతే సంచి ఉత్త తోలు. ఒక మనిషికి అరగంట పడుతుంది. నలభై ఆరుగురు పడుకుని ఉన్నారు.

మంచి రసం పిల్లల దగ్గరే ఉంది. పిల్లల సంచి చిన్నది, ఒక్కొక్కరి నుంచి గ్లాసుకు మించి తియ్యకూడదు. గొట్టం చూసి మొదట అందరూ ఏడ్చారు. తర్వాత వాళ్ల నాన్నల్ని, అవ్వల్ని చూసి వాళ్లంతట వాళ్లే వచ్చి వరసలో నిలబడ్డారు. మారెక్క ఒక్కొక్కరినీ ఒళ్లో కూర్చోబెట్టుకుని తల పట్టుకుంది.

వరసలో ఏడోవాడు ఓబులేసు. నేను అతని దగ్గరికి వచ్చేసరికి పొద్దున పదయింది. మనిషి తెలివిగానే ఉన్నాడు. పక్కన లింగప్ప పళ్లు కొరుకుతున్నాడు. సుంకమ్మ నా కొంగు పట్టుకుంది.

"ముందు లింగప్పకు పెట్టు వదినా" అన్నాడు ఓబులేసు. "నాకు అలవాటుండాది. తట్టుకుంటాను."

లేదు, నీకేం అలవాటు లేదు, అందరికంటే నువ్వే ఎక్కువ తిన్నావు అని చెప్పాల్సింది. సుంకమ్మ నా ముఖంలోకే చూస్తోంది. నేను గొట్టం లింగప్ప నోట్లో పెట్టాను.

తిరిగి అతని దగ్గరికి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అప్పటికి కళ్లు గుంటలు పడ్డాయి. సంచి ఖాళీ చేశాను, కడిగాను, సోడా పోశాను, రసం పోశాను. ఏ పనీ వదిలిపెట్టలేదు. సంచి ఒక్కసారి కూడా దొర్లలేదు. ముప్పయ్యో తేదీ పొద్దున పదింటికి పోయాడు. అంతకు ముందు దాహమని రెండుసార్లు అన్నాడు, నీళ్లిస్తే మింగలేకపోయాడు.

మొత్తం పంతొమ్మిది మంది. తిప్పన్న తాత మొదట పోయాడు. అందరూ పెద్దవాళ్లే. వరన్నం రుచి గుర్తున్నవాళ్లు.

లింగప్ప బతికాడు.

ఏప్రిల్ 2

డాక్టర్ విద్యాధర్‌గారు వచ్చారు. కేంద్రంలో కుర్చీ ఉన్నా కూర్చోలేదు. రాసుకొచ్చిన కాగితం నా ముందు పెట్టారు. సిబ్బంది హెచ్చరించినా లెక్క చేయక, ఆశకొద్దీ అతిగా తిని మరణించారని అందులో ఉంది. కింద నా సంతకానికి చోటు వదిలారు.

"నా ఉత్తరం సంగతి ఇందులో లేదు సార్."

"మీ ఉత్తరం నా సొరుగులోనే ఉంది. పైకి పంపలేదు." చాలాసేపు దగ్గారు. "పంపితే పండగ ఆపేవాళ్లా? నన్ను మార్చి ఇంకొకర్ని పెట్టేవాళ్లు."

"మూడు వారాలు అడిగాను."

"తెలుసు." ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "లారీవాళ్లు తూచినప్పుడు మీ బియ్యం నాలుగు కిలోలు తక్కువొచ్చాయి. మీరొక్కరే తినలేదు కదమ్మా. ఎవరికి పెట్టారో నేను అడగను. మీరు సంతకం పెడితే ఎవరూ అడగరు. పెట్టకపోతే విచారణలో అన్నీ వస్తాయి. ఊళ్లోవాళ్లకు కూడా తెలుస్తుంది."

బెదిరించినట్టు అనలేదు. నా మంచికి చెప్పినట్టే అన్నారు. రెండు రోజులు గడువిచ్చి వెళ్లారు.

ఏప్రిల్ 4

సంతకం పెట్టలేదు.

రెండింటికి వరండాకు వెళ్లాను. బతికినవాళ్లు నెమరు మొదలుపెట్టి మూడు రోజులే అయింది. దవడలు మెల్లగా ఆడుతున్నాయి. నిలబడి అంతా చెప్పాను. ఉత్తరం రాశానని, మూడు వారాలు అడిగానని, ఒప్పుకోలేదని చెప్పాను. ఆగిపోదామనుకున్నాను. ఆగలేదు. నా బియ్యంతో ఒక్క ఇంటికి అలవాటు చెయ్యడం మొదలుపెట్టానని, మిగతా ఎవరికీ చెప్పలేదని, ఓబులేసును పంక్తిలో ఆపలేకపోయింది అందుకేనని, వరండాలో అతన్ని దాటి పోయిందీ అందుకేనని చెప్పాను.

నన్ను తిడతారనుకున్నాను. ఒక్కరూ నావైపు చూడలేదు. అందరూ మారెక్క వైపు చూశారు. ఆమెకు అటూ ఇటూ కూర్చున్నవాళ్లు కొంచెం పక్కకు జరిగారు. చాలా కొంచెమే, జానెడు.

కేంద్రం దాకా నా వెంటే వచ్చింది మారెక్క. మూడు వారాల తర్వాత నాతో సరిగ్గా మాట్లాడటం అదే.

"నీ కడుపు తేలికయింది కదా అక్కా" అంది. "ఇప్పుడు నేను యాడ కూచోవాల?"

ఏప్రిల్ 13

మారెక్క కసువు ముట్టి ఐదు రోజులయిందని ఇవాళే తెలిసింది. నన్ను ఇంట్లోకి రానివ్వలేదు, అందుకే తెలియలేదు. ఇవాళ తలుపు నెట్టుకుని వెళ్లాను. సంచిలో చప్పుడు లేదు. మేత లేక పురుగులు చచ్చిపోయాయి. ఇప్పుడు తిన్నా అరగదు. ఎవరైనా రసం ఇస్తేనే బతుకుతుంది.

గిన్నె, గొట్టం పట్టుకుని పొద్దున్నుంచి తిరిగాను. ఎప్పుడైనా ఈ ఊళ్లో రసం అడిగితే లేదన్నవాళ్లు లేరు. అది నీళ్లు అడిగినట్టు. ఇవాళ మొదటి ఇంట్లో జ్వరమన్నారు. రెండో ఇంట్లో ఎవరూ లేరన్నారు, ఆ మాట అన్నది ఆ ఇంటావిడే. తిప్పన్న తాత కోడలు నన్ను చూసి లోపలికి పోయింది. పిల్లలనుంచి మళ్లీ తియ్యడానికి లేదు, వాళ్ల సంచులింకా తేరుకోలేదు. నా ఒంట్లో అయితే ఇవ్వడానికి సంచే లేదు. అక్కను. నా దగ్గర ఉన్నదంతా పుల్లటి కడుపు.

మధ్యాహ్నం మారెక్క ఇంటికి ఖాళీ గిన్నెతో వస్తుంటే సుంకమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. నేను ఏమీ అడగలేదు.

"పెట్టు" అని నోరు తెరిచింది.

రెండు గ్లాసులు తీశాను. కళ్లలో నీళ్లు తిరిగినా కదల్లేదు. మూతి తుడుచుకుని లేచింది.

"నీకోసం కాదు" అంది. "ఆ పొద్దు ఓబులేసన్న ఎనక్కి జరక్కపోయింటే మా ఆయప్ప ఉండేటోడు కాదు."

రసం తనే పట్టుకుని మారెక్క దగ్గరికి పోయింది. నన్ను బయటే ఉండమంది.

ఏప్రిల్ 17

మారెక్క లేచి కూర్చుంది. కసువు కొంచెం తింటోందట. సుంకమ్మ చెప్పింది.

పెద్దాఫీసు నుంచి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిదాన్లో నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు, బియ్యం దుర్వినియోగం చేసినందుకు. రెండోది అన్ని సంచి ఊళ్లకూ పంపిన ఉత్తర్వు. సంచి ఉన్నవారికి వరన్నం ప్రాణాంతకమని నిపుణులు తేల్చినందువల్ల, వానలు పడి పంటలు తిరిగి వచ్చినా ఆ ఊళ్లకు బియ్యం ఇవ్వడం శాశ్వతంగా నిలిపివేస్తున్నారు. ఆధారంగా నా ఉత్తరంలోని ముక్కలే అచ్చువేశారు. కోట్ల పురుగుల మాట ఉంది. ఒకటిన్నర రోజు మాట ఉంది. మూడు వారాల్లో అలవాటు చెయ్యవచ్చన్న మాట ఒక్కటీ లేదు.

డాక్టర్‌గారికి ఫోన్ చేశాను. తియ్యలేదు.

ఏప్రిల్ 20

నా స్థానంలో కొత్తామె రేపు వస్తుంది. సామాను సర్దుకున్నాక మారెక్క ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది. చిక్కిపోయింది, కానీ దవడ ఆడుతోంది.

"నాతో రా మారీ. పట్నంలో చూసుకుంటాను."

"ఆడికొచ్చి నేనేం తినల్ల?"

"కసువు తెప్పిస్తాను. రోజూ తెస్తాను."

"నువ్వు బువ్వ తింటా కూచుంటే నేను మూలకు కూచుని నెమరేసుకోవాల్నా?" కోపంగా అనలేదు. "ఈడ అందురూ నా మాదిరోళ్లే. ఇయ్యాళ కాకపోతే రేపు మాట్లాడతారు. నువ్వు పో అక్కా. మళ్లా రావాకు."

ఓబులేసు కొడవలి చూరులోంచి తీసి చేతిలో పట్టుకుంది. ఇప్పుడు గుట్టకు తనే పోతోంది. తలుపు దగ్గరికి వేసి, నా పక్కనుంచే దాటి వెళ్లింది. మూల తిరిగేదాకా చూశాను. వెనక్కి చూడలేదు.

ఏప్రిల్ 21

ఈ పుస్తకం కేంద్రంలో వదిలి రావాల్సింది. వదల్లేదు.

బస్సు పన్నెండింటికి పట్నం చేరింది. బస్టాండు ఎదురుగా హోటల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. నిన్న పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. తినకూడదనే అనుకున్నాను. లోపలికి వెళ్లి కూర్చున్నాను. కుర్రాడొకడు ఆకు వేసి అన్నం పెట్టాడు. పొగలు వస్తున్నాయి. కలపకుండా చాలాసేపు చూశాను. పక్కనాయన పప్పు ఇటు జరపమని అడిగాడు.

ఆకలి వేసింది. తిన్నాను. మారు పెట్టించుకుని మళ్లీ తిన్నాను. ఒంటికేమీ కాలేదు. సాయంత్రానికి అంతా అరిగిపోయింది.